చెరుకు తోటల మధ్య పది మీటర్లు

బడౌత్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెరుకే. జనవరిలో పశ్చిమ ఉత్తరప్రదేశ్ రోడ్లన్నీ ట్రాక్టర్లవే. ట్రాలీ పట్టనంత చెరుకు ఎత్తుకుని, అటూ ఇటూ ఊగుతూ, రోడ్డు మధ్యలో తాపీగా సాగుతుంటాయి. వెనకవాళ్ళు హారన్ కొట్టి కొట్టి చివరికి ఊరుకుంటారు. ఊళ్ళ చివర గానుగల దగ్గర బెల్లం వండుతున్నారు. కారు అద్దం కొంచెం దించితే పొగ, పాకం వాసన, చలి మూడూ కలిసే లోపలికొస్తాయి.

కారులో హన్మకొండ నుంచి వచ్చిన ఒక లెక్కల సారు, ఎనిమిదో తరగతి చదివే ఆయన కూతురు ఉన్నారు. ఢిల్లీ దాకా వచ్చినవాళ్ళు ఆగ్రాకో హరిద్వార్‌కో పోతారు. వీళ్ళు మాత్రం బాగ్‌పత్ జిల్లాలోని జోహ్రి అనే పల్లెకు బయల్దేరారు. దానికి కారణం ఇంకా కొనని ఒక పిస్టల్. పిల్ల వేసవి శిబిరంలో తొలిసారి ఎయిర్ పిస్టల్ పట్టుకుంది. కొద్ది రోజులకే సొంతది కావాలంది. సారు హైదరాబాద్‌లో వాకబు చేస్తే విదేశీ మ్యాచ్ పిస్టల్ ధర రెండు లక్షలకు అటూ ఇటూ పలికింది. ఆయన తిరిగొచ్చి స్టాఫ్ రూములో ఈ సంగతి చెబితే ఒక మిత్రుడు అన్నాడట: "పైసలున్నోళ్ళు ఎట్ల నేర్సుకున్నరో తర్వాత సూద్దువు సారూ. లేనోళ్ళు ఎట్ల నేర్సుకున్నరో ముందుగాల సూసి రా." సంక్రాంతి సెలవులు కలిసొచ్చాయి. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. మామూలుగా మర్నాడు పొద్దున్నే న్యూఢిల్లీలో దిగాలి. కానీ ఈ రోజుల్లో మథుర దాటాక పొగమంచు రైలును ఎంతసేపు ఆపితే అంతసేపు కూర్చోవాల్సిందే.

ఢిల్లీలో మొదటి మజిలీ తుగ్లకాబాద్. పాత కోటకు దగ్గర్లోనే డాక్టర్ కర్ణీసింగ్ షూటింగ్ రేంజ్ ఉంది. 1982 ఆసియా క్రీడల కోసం కట్టి, 2010 కామన్వెల్త్ క్రీడల ముందు బాగుచేసిన ప్రాంగణం ఇది. కర్ణీసింగ్ బికనీర్ మహారాజు. ఐదు ఒలింపిక్స్‌లో గురిపెట్టిన మనిషి, 1962 కైరో ప్రపంచ పోటీల్లో ట్రాప్ విభాగంలో రజతం తెచ్చాడు. తుపాకీ ఆట రాజులదీ, జమీందార్లదీ అని చాలాకాలం జనం అనుకున్నారంటే అనుకోరూ మరి! ఇప్పుడు అదే రేంజ్‌లో పల్లెటూరి బడిపిల్లలు సంచులు భుజాన వేసుకుని బస్సు దిగుతున్నారు. పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు గెలిచిన మనూ భాకర్‌ది హరియాణాలో ఝజ్జర్ జిల్లా గోరియా. ఆమెతో కలిసి మిక్స్‌డ్ టీమ్ కాంస్యం పంచుకున్న సరబ్‌జోత్ సింగ్ అంబాలా జిల్లా ధీన్ గ్రామపు రైతు కొడుకు. మనూ తండ్రి కూతురి ఆట కోసం మొదట్లో లక్షన్నర పెట్టాడని పత్రికలు రాశాయి. సారుకు గుర్తుండిపోయిన అంకె అది.

లెక్కల మనిషి కాబట్టి ఆయనకు ఈ ఆట నియమాలు ఇట్టే నచ్చాయి. దూరం పది మీటర్లు. గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పిస్టల్ బరువు 1500 గ్రాములు దాటకూడదు. ట్రిగ్గర్ మీద కనీసం 500 గ్రాముల బిగువు ఉండాలి. దాన్ని పరీక్షించడానికి ట్రిగ్గర్‌కు అర కిలో తూకం తగిలించి పిస్టల్‌ను పైకెత్తుతారు. తూకం నిలబడితే పాసైనట్టు. మొత్తం పిస్టల్ 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి. ఒక్క చేత్తోనే కాల్చాలి, మణికట్టుకు ఏ ఆసరా ఉండకూడదు. అర్హత రౌండులో 60 గుళ్ళు, 75 నిమిషాలు. ఇంతా చేసి కొట్టాల్సిన పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత.

"లైసెన్సు గావాల్నా డాడీ?" అని పిల్ల అడిగింది. సారు ఆ సందేహాన్నీ లెక్కతోనే తీర్చాడు. పిస్టల్‌లో వాడే గుండు 0.45 గ్రాములు. సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే దాని శక్తి సుమారు 5 జౌళ్ళు. 2016 ఆయుధ నియమావళి ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు దాటినా, శక్తి 20 జౌళ్ళు దాటినా ఎయిర్‌గన్‌కు లైసెన్సు తప్పదు. మ్యాచ్ ఎయిర్ పిస్టల్ ఆ గీతకు చాలా కింద ఉంటుంది. 25 మీటర్ల పోటీలో వాడే పాయింట్ టూటూ పిస్టల్ సంగతి వేరు. అందులో నిజమైన తూటా పేలుతుంది కాబట్టి లైసెన్సు ఉండాల్సిందే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎయిర్ పిస్టల్‌తోనే మొదలుపెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

జోహ్రి చూడటానికి పెద్ద ఊరేమీ కాదు. ఇటుక గోడలు, గోడల మీద ఎండుతున్న పిడకలు, గడపల ముందు బర్రెలు, ఎండ పడే చోట మంచాలేసుకుని హుక్కా పీల్చే పెద్దమనుషులు. ఇక్కడి రైఫిల్ క్లబ్బు పేరు దేశానికి తెలిసింది మాత్రం ఇద్దరు తోడికోడళ్ళ వల్ల. 1999 ప్రాంతంలో, అరవై దాటిన వయసులో చంద్రో తోమర్ మనవరాలికి తోడుగా రేంజ్‌కు వెళ్ళింది. ఒక్కదానికే అక్కడికి పోవాలంటే ఆ పిల్లకు బెరుకు. పిల్ల గుండు ఎక్కించలేక తడబడుతుంటే అవ్వే పిస్టల్ అందుకుని ఎక్కించి, గురిచూసి కాల్చింది. గుండు నల్లని చుక్కలో పడింది. అక్కడే ఉన్న శిక్షకుడు మళ్ళీ రమ్మన్నాడు. తర్వాత తోడికోడలు ప్రకాశీ తోమర్ కూడా చేరింది. ఇంటి మగవాళ్ళకు తెలియకుండా రాత్రిపూట నీళ్ళ జగ్గు పట్టుకుని చెయ్యి చాచి నిలబడేదాన్నని చంద్రో చాలాసార్లు చెప్పుకుంది. వాళ్ళ కథే 2019లో 'సాండ్ కీ ఆంఖ్' అనే హిందీ సినిమాగా వచ్చింది. 2021 ఏప్రిల్ 30న చంద్రో కోవిడ్‌తో కన్నుమూసింది. ప్రకాశీ కూతురు సీమా తోమర్ 2010లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో ట్రాప్ రజతం గెలిచింది. ఆ విభాగంలో ప్రపంచ కప్ పతకం తెచ్చిన తొలి భారతీయురాలు ఆమే.

సినిమా చూసినవాళ్ళకు అవ్వల ధైర్యం గుర్తుంటుంది. పిస్టల్ కొనబోయేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఆ నీళ్ళ జగ్గు. చంద్రో సొంత పిస్టల్ కొనుక్కుని ఆటలోకి రాలేదు, క్లబ్బు పిస్టల్ పట్టుకుంది. మిగతా సమయమంతా ఇంట్లో ఉన్న వస్తువుతోనే భుజాన్ని నిలబెట్టడం నేర్చుకుంది.

ఈ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న క్లబ్బులు చాలానే ఉన్నాయి. సారు, పిల్ల వెళ్ళిన క్లబ్బు ఒక పొడవాటి గది. ఒక చివర నిలబడే గీత, పది మీటర్ల అవతల ట్యూబులైట్ల కింద కాగితపు టార్గెట్లు. వైరు మీద చక్రం తిప్పితే టార్గెట్ ముందుకు వస్తుంది, మళ్ళీ తిప్పితే వెనక్కి పోతుంది. స్విట్జర్లాండ్ ఎలక్ట్రానిక్ తెరలు ఇక్కడ లేవు. అయినా అవి చెప్పేదీ ఈ కాగితం చెప్పేదీ ఒకటే.

అక్కడి శిక్షకుడు మాజీ సైనికుడు. హిందీలో నెమ్మదిగా, మనిషిని తొందరపెట్టకుండా మాట్లాడతాడు. పిల్ల చేతికి పిస్టల్ ఇవ్వలేదు. ముందు రెండు అరచేతులూ చాచి వేళ్ళ మధ్య చిన్న సందు వదలమన్నాడు. ఆ సందులోంచి గోడ మీది గడియారాన్ని చూడమని, కుడి కన్ను మూయమన్నాడు. గడియారం కదల్లేదు. ఎడమ కన్ను మూయమన్నాడు. గడియారం సందులోంచి తప్పుకుంది. పిల్ల రాసేది, తినేది కుడి చేత్తో. చూపులో పెత్తనం మాత్రం ఎడమ కంటిది.

"ఇలాంటి పిల్లలు తక్కువేమీ కాదు" అన్నాడాయన. "కొందరికి ఎడమ కంటికి అడ్డు పెట్టి కుడి చేత్తోనే కాల్పిస్తాం, కొందరు ఎడమ చేతికి మారిపోతారు. ఏది కుదురుతుందో తేలడానికి నెలలు పడుతుంది. మీరు మొన్ననే కొనేసి ఉంటే ఏ చేతి పిడి కొనేవారు మాస్టర్‌జీ?"

సారు దగ్గర జవాబు లేదు. మ్యాచ్ పిస్టల్ పిడి అరచేతి ఒంపులకు సరిపోయేలా చెక్కిన కర్ర. కుడి చేతిది కుడి చేతికే, ఎడమది ఎడమకే. అందులోనూ చిన్న, మధ్యస్థ, పెద్ద సైజులుంటాయి. పదమూడేళ్ళ పిల్ల చెయ్యి ఏడాదిలో పెరిగి ఇంకో సైజు అడగొచ్చు.

తర్వాత ఆయన బీరువాలోంచి ఒక్కో పిస్టల్ తీసి బల్ల మీద పెట్టాడు. ప్రతి గొట్టంలోనూ రంగు ప్లాస్టిక్ తీగ దూర్చి ఉంది. లోపల గుండు లేదని చెప్పే గుర్తు అది. అది చూపించకుండా ఇక్కడ ఎవరూ పిస్టల్ ఇంకొకరి చేతికి ఇవ్వరు. తక్కువ ఖర్చులో సాధన పిస్టల్ కావాలనుకునేవాళ్ళకు ఆ బల్ల ఒక చిన్న మ్యూజియమే.

ముందు స్ప్రింగు పిస్టళ్ళు. జర్మనీలో నెక్కర్ నది ఒడ్డున ఒబెర్న్‌డోర్ఫ్ అనే ఊళ్ళో ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీ 1960ల్లో తెచ్చిన మోడల్ 65 ఆ తరంలో పేరున్నది. స్ప్రింగు విదిలించే కుదుపు చేతికి తగలకుండా పై భాగం వెనక్కి జారేలా చేశారు. బాగా చూసుకున్నవి ఇవాళ్టికీ కాగితం మీద ఒకే చిల్లు చేస్తాయి. కాకపోతే సీళ్ళు, స్ప్రింగులు దొరకడం కష్టం. పాత మెకానిక్ ఎవరైనా తెలిసి ఉంటేనే అటు వెళ్ళాలి.

రెండో రకం, కొత్తవాళ్ళ విషయంలో శిక్షకుడు ఎక్కువసేపు మాట్లాడిన రకం, ఒక్క ఒత్తిడితో గాలి నింపుకునేది. సిలిండర్ ఉండదు, పంపు ఉండదు. గొట్టం కింద ఉన్న లివర్‌ను ఒకసారి లాగి మూస్తే ఒక గుండుకు సరిపడా గాలి లోపల బిగుసుకుంటుంది. రష్యాలో ఇజెవ్‌స్క్ నగరంలో తయారైన బైకాల్ ఐజెడ్‌హెచ్ 46ఎం ఈ రకంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. గొట్టం నాణ్యత, ట్రిగ్గర్ సర్దుబాట్లు ఖరీదైనవాటికి పెద్దగా తీసిపోవు. ధర మాత్రం వాటిలో కొంత భాగమే. దానికీ రెండు లోపాలున్నాయి. బరువు సుమారు 1300 గ్రాములు, అదీ ముక్కు వైపు ఎక్కువ. పైగా ప్రతి గుండుకూ లివర్ లాగాలి. 60 గుళ్ళు, వాటికి ముందు సరిచూసుకునే గుళ్ళు కలిపితే ఎనభై లాగుళ్ళు. ఎదిగిన మనిషికి అది వ్యాయామం. పిల్లకు? ఆమె ఒకసారి లాగి చూసింది.

"గిది గింత గట్టిగుందేంది డాడీ?"

శిక్షకుడికి తెలుగు రాకపోయినా ముఖం చూసి అర్థమైంది. నవ్వి పిస్టల్ వెనక్కి తీసుకున్నాడు.

మూడో రకం ముందే నొక్కిపెట్టిన గాలి సిలిండర్‌తో నడిచేది. నేటి పోటీల్లో కనిపించేవి దాదాపు అన్నీ ఇవే: ఆస్ట్రియా స్టెయర్, జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్విట్జర్లాండ్ మోరినీ, ఇటలీ పార్దీని. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపితే నూటయాభై గుళ్ళ దాకా వస్తాయి. కుదుపు లేదు, శ్రమ లేదు. ధర మన దేశానికి వచ్చేసరికి సుమారు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు. ఇదే కుటుంబంలో కొంచెం చౌక మెట్టు కూడా ఉంది. హేమర్లీ ఏపీ20లో ఖరీదైన హంగులు తగ్గించి, బరువు తేలిక చేసి, కొత్తవాళ్ళకూ చిన్న చేతులకూ పనికొచ్చేలా చేశారు. స్టెయర్ ఎల్‌పీ2 కూడా పెద్దన్న ఎల్‌పీ10 కన్నా సాదా. వీటితో రాష్ట్ర స్థాయి దాకా ఆడిన పిల్లలకు పిస్టల్ వల్ల పాయింట్లు పోయాయని ఆయన ఎన్నడూ వినలేదట.

మరి ఆ పెద్ద ధర దేనికి? కుదుపు ఇంకొంచెం చంపడానికి, ట్రిగ్గర్ ఇంకా సన్నగా సర్దుకోవడానికి, పిడి ఏ కోణంలోకైనా తిప్పుకోవడానికి. ఆ తేడా తెలియాలంటే చెయ్యి ముందు నిలబడటం నేర్చుకోవాలి. చెయ్యి వలయాలన్నీ తిరిగి వస్తున్నంతకాలం రెండు లక్షల పిస్టల్ ఏడు పాయింట్ల గుండును ఏడులోనే వేస్తుంది.

బల్ల చివర ఇంకో పిస్టల్ ఉంది. అచ్చం పోలీసు పిస్టల్‌లా నల్లగా మెరుస్తోంది. పిల్ల కన్ను మొదట దానిమీదే పడింది. ఒక తండ్రి కొడుక్కి మురిపెంగా కొనిచ్చి, రేంజ్‌లో పనికిరాదని తెలిశాక ఇక్కడే వదిలేసి వెళ్ళాడట. కార్బన్ డయాక్సైడ్ గొట్టంతో నడిచే ఇలాంటి నకళ్ళు బజారులో కొన్ని వేలకే దొరుకుతాయి. చాలావాటి గొట్టంలో గాడులుండవు, సీసపు గుళ్ళకు బదులు ఉక్కు గోళీలు వాడతాయి, ట్రిగ్గర్ బిరుసు. ఉక్కు గోళీ గట్టి గోడకు తగిలి వెనక్కి ఎగురుతుంది కాబట్టి వాటిని రేంజ్‌లోకి రానివ్వరు. చౌక అనుకుని జనం ఎక్కువగా డబ్బు పారేసుకునేది ఇక్కడే.

రూపాన్ని చూసి మోసపోవడం సినిమా చూసేవాళ్ళకూ తప్పలేదు. 'ఫ్రం రష్యా విత్ లవ్' పోస్టర్ల కోసం షాన్ కానరీని ఫొటో తీసేరోజు జేమ్స్ బాండ్ అసలు పిస్టల్ తేవడం మరిచారు. ఫొటోగ్రాఫర్ డేవిడ్ హర్న్ తన సొంత వాల్తర్ ఎల్‌పీ53 ఎయిర్ పిస్టల్ ఇచ్చాడు. ప్రపంచమంతా గోడలకెక్కిన బాండ్ చేతిలో ఉన్నది గాలి పిస్టలే. 2010లో లండన్ క్రిస్టీస్ వేలంలో దానికి 2,77,250 పౌండ్లు వచ్చాయి. సాధన పిస్టల్ ధరల చర్చలో ఈ అంకెను ఎవరూ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

మధ్యాహ్నం బినౌలీ వెళ్ళేముందు బర్నావా దగ్గర ఆగారు. మహాభారతంలోని వారణావతం ఇదేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. మట్టిదిబ్బను చూపించి లక్క ఇల్లు ఇక్కడే కాలిందంటారు. బడౌత్‌కు ఇంకో పక్కనున్న సినౌలీలో 2018లో పురావస్తు శాఖ తవ్వితే సుమారు నాలుగు వేల ఏళ్ళ నాటి సమాధుల్లో గట్టి చక్రాల బళ్ళు, రాగి కత్తులు బయటపడ్డాయి. రథాలా, ఎడ్లబళ్ళా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పిల్లకు లక్క ఇల్లు కన్నా దాని పక్కన అమ్ముతున్న వేడి బెల్లం నచ్చింది. తినబోతుంటే సారు ఆపి సబ్బుతో చేతులు కడుక్కోమన్నాడు. పొద్దుట్నుంచి పట్టుకున్నవి సీసపు గుళ్ళు. సీసం కడుపులోకి పోకూడదని క్లబ్బులో మరీ మరీ చెప్పి పంపారు.

బినౌలీ పేరు షూటింగ్ లోకంలో సౌరభ్ చౌధరీ వల్ల తెలిసింది. పక్క జిల్లా మీరట్‌లోని కలీనా గ్రామపు రైతు కొడుకు. బినౌలీలో అమిత్ షియోరాన్ దగ్గర నేర్చుకున్నాడు. 2018 ఆసియా క్రీడల్లో, 16 ఏళ్ళ వయసులో, 240.7 పాయింట్లతో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచాడు. టోక్యో ఒలింపిక్స్ అర్హత రౌండులో 586తో అందరికన్నా పైన నిలిచి, ఫైనల్లో ఏడో స్థానంతో వెనక్కి వచ్చాడు.

అదే టోక్యోలో, 2021 జులై 25న, మనూ భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. కాకింగ్ లివర్ విరిగింది. బాగుచేయించుకుని గీత దగ్గరికి తిరిగొచ్చేసరికి చాలా నిమిషాలు కరిగిపోయాయి. 575తో 12వ స్థానం, ఫైనల్ చేరలేదు. ప్రపంచంలో మేలైన పిస్టల్‌కైనా చిన్న ముక్క విరగొచ్చు. కాబట్టి కొనేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న "ఎంత గొప్పది?" కాదు, "ముక్క విరిగితే ఎవరు, ఎక్కడ, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు?" అని. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ వేలికి చాలా హాయిగా ఉంటుంది, నిజమే. కానీ రిపేరు తెలిసినవాళ్ళు దగ్గర్లో లేని ఊళ్ళో ఉండేవాళ్ళకు మెకానికల్ ట్రిగ్గరే నయం.

పాత పిస్టళ్ళ బేరం గురించి సారు తెలుసుకున్నది చాలావరకు బినౌలీలో టీ కొట్టు దగ్గరే. ఇక్కడి టీ కొట్టులో కూడా సిలిండర్ల గురించి మాట్లాడుకునేవాళ్ళు దొరుకుతారు. పై స్థాయికి వెళ్ళిన ఆటగాళ్ళు కొత్త మోడల్ కొనుక్కుని పాతది అమ్ముతుంటారు. కొందరు పిల్లలు పదో తరగతి పరీక్షలతో ఆట మానేస్తారు. ఆ పిస్టళ్ళే కొత్తవాళ్ళకు అసలైన అవకాశం. చూడాల్సినవి మాత్రం చూడాలి. సిలిండర్ మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. చాలా కంపెనీలు దాని ఆయుష్షు పదేళ్ళని చెబుతాయి. గడువు లోపల ఉందో లేదో చూసుకునే బాధ్యత ఆటగాడిదే. పోటీలో తనిఖీ అధికారి అడగొచ్చు. గడువు తీరినదాన్ని నింపించుకోవడం నిబంధన మాట అటుంచి, ప్రమాదం. కొత్త సిలిండర్ వేలల్లో ఉంటుంది కాబట్టి ఆ మొత్తాన్ని బేరంలోనే తగ్గించాలి. సిలిండర్ నిండుగా బిగించి ఒక రాత్రి వదిలేసి, పొద్దున గేజీలో ముల్లు దిగిందేమో చూస్తే గాలి కారుతుందో లేదో తెలుస్తుంది. ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకం పదిసార్లు తగిలిస్తే పదిసార్లూ ఆగాలి. పిస్టల్‌ను బిగించి పది మీటర్ల నుంచి ఐదు గుళ్ళు కాలిస్తే అవి ఒకదానిలో ఒకటి పడాలి. పిడి అరిగిపోయిందనో, ఎవరి చేతికో చెక్కి ఉందనో బెంగ అక్కర్లేదు. కర్ర పుట్టీ, ఆకురాయి, ఉప్పు కాగితం ఉంటే దాన్ని మన చేతికి మలుచుకోవచ్చు. ఈ ఊళ్ళలో చాలామంది పిల్లలు అదే పని చేస్తారు.

తిరుగు ప్రయాణంలో మీరట్ సౌత్ దగ్గర నమో భారత్ రైలెక్కారు. బయట పొలాలు వెనక్కి పరుగెడుతుంటే సారు పాత కరపత్రం వెనక లెక్క మొదలుపెట్టాడు. ఒక సాధనకు 80 గుళ్ళు. వారానికి నాలుగుసార్లు అయితే 320. ఏడాదికి 16,640. డబ్బాకు 500 చొప్పున 33 డబ్బాలు దాటుతాయి. రకాన్ని బట్టి డబ్బా కొన్ని వందల నుంచి వెయ్యి పైన. దీనికి తోడు గాలి నింపించే ఖర్చు, అడుగు చదునుగా ఉండే బూట్లు, క్లబ్బు రుసుము, పోటీలకు రైలు చార్జీలు. పిస్టల్ ఒక్కసారి కొనేది. గుళ్ళు ఆట మానేసేదాకా కొనేవి. ఉన్న డబ్బంతా పిస్టల్‌లో పోసి గుళ్ళు లెక్కపెట్టి కాల్చే పిల్ల కన్నా, చౌక పిస్టల్‌తో తనివితీరా కాల్చే పిల్లే త్వరగా నేర్చుకుంటుందని ఆ కాగితమే చెబుతోంది.

అసలు గుండే అక్కర్లేని సాధన ఒకటుంది. ఖాళీ పిస్టల్‌తో తెల్లగోడ వైపు నిలబడి, గొట్టం చివరి గురి పలక మీద కన్ను నిలిపి, ట్రిగ్గర్ నొక్కడం. చుక్క లేదు కాబట్టి ఆశ పడటానికేమీ ఉండదు. నొక్కినప్పుడు ముక్కు కదిలిందా లేదా, అంతే చూడాలి. మ్యాచ్ పిస్టళ్ళలో దీనికోసం ప్రత్యేకంగా ఒక మీట ఉంటుంది. పెద్ద పెద్ద ఆటగాళ్ళు రోజూ చేసే పని ఇది. ఖర్చు సున్నా.

"అయితే ఇప్పుడు కొనవన్నట్టే గదా" అంది పిల్ల కిటికీలోంచి చూస్తూ.

"కొందం బిడ్డా. ముందు నీ చెయ్యేదో తేలనీ."

ఇంటికి దగ్గర్లోనూ ఈ మాటకు సాక్ష్యాలున్నాయి. గగన్ నారంగ్‌కు 1997లో తండ్రి ఇచ్చింది ఎయిర్ పిస్టలే. బేగంపేటలోని ఇంటి పెరట్లో దానితోనే గురి నేర్చాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది మాత్రం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. మొదటి ఏడాదే పిస్టల్ మీద లక్షలు పోసేవాళ్ళు, పిల్లల మనసు రైఫిల్ మీదికి మళ్ళొచ్చని కూడా లెక్కలో పెట్టుకోవాలి. హైదరాబాద్‌కే చెందిన ఈషా సింగ్ 2018లో తిరువనంతపురం జాతీయ పోటీల్లో, పదమూడేళ్ళ వయసులో, మనూ భాకర్, హీనా సిద్ధూలున్న సీనియర్ విభాగంలో స్వర్ణం గెలిచింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. అలాంటి మెరుపు ప్రతిభ ఉన్నవాళ్ళకు పిస్టల్ త్వరగానే మార్చాల్సి వస్తుంది. అది ఎవరికి ఎప్పుడు అవసరమో స్కోరు కాగితాలే చెబుతాయి, దుకాణదారు కాదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో రాష్ట్ర క్రీడా సంస్థ షూటింగ్ రేంజ్ ఉంది. తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ వేర్వేరు రైఫిల్ సంఘాలున్నాయి. పోటీల్లో ఆడటానికి సభ్యత్వం ఎలాగూ కావాలి కాబట్టి, ఏ క్లబ్బులో పిల్లలకు పిస్టల్ ఇచ్చి నేర్పుతారో, దిగుమతికి ఏ కాగితాలు కావాలో ముందు అక్కడే అడగండి. కంటి పరీక్ష మొదటిరోజే చేయించండి. ఆరు నెలలు క్లబ్బు పిస్టల్‌తో కాల్చనివ్వండి. అప్పటికీ పిల్ల పొద్దున్నే తనంతట తాను లేచి రేంజ్‌కు తయారవుతుంటే పాత పిస్టల్ ఒకటి వెతకండి. డబ్బు చేతిలో పెట్టేముందు మాత్రం సిలిండర్ మీది తేదీ చదవండి.